ఈ వారం నేను టైపిస్టుని

మార్చి 2

మీ కోడలు ఎక్కడ పనిచేస్తుందని పక్కింటావిడ అత్తయ్యని అడిగిందట. "తన్నులు తింటుంది. నెల తిరిగేసరికి జీతం ఇస్తారు" అని చెప్పిందట అత్తయ్య. ఆవిడ జాలిపడి అరటిపళ్ళు పంపింది. తిన్నాం.

అత్తయ్య అన్నదాంట్లో తప్పేం లేదు. కాకపోతే సగమే చెప్పింది. నేను తినే తన్నులు కూడా నావి కావు. రాబోయే పోటీలో మా క్యాంపు పిల్ల చిట్టి ఎవరెవరితో తలపడుతుందో వాళ్ళ తన్నులు ముందుగా నేను తినాలి. శనాదివారాలు వాళ్ళ వీడియోలు చూస్తాను. కాలు ఎలా ఎత్తుతారు, ఎప్పుడు ఊపిరి పీలుస్తారు, దెబ్బ తగిలితే ముఖం ఎలా పెడతారు, అన్నీ నేర్చుకుని సోమవారం పొద్దున క్యాంపుకి వాళ్ళలా వెళ్ళాలి. తైక్వాండోలో ఇదీ ఒక ఉద్యోగమే. మూడేళ్ళ నుంచి చేస్తున్నాను.

ఈ వారం టైపిస్టు. అసలు పేరు మా ఎవరికీ నోరు తిరగదు. ముందు కాలితో టకటకా పొడుస్తూనే ఉంటుందని మా కోచ్ సార్ పెట్టిన పేరు. అన్నం దగ్గర నేను స్పూనుతో బల్ల మీద కొడుతున్నానట.

"ఈ వారం ఎవరు?" అన్నారు మా ఆయన.

చెప్పాను.

"పోయిన వారం ఆవిడ కంటే నయం" అన్నారు. పోయిన వారం సణుగుడు. ఆవిడ బౌట్ సాగినంతసేపూ ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుంది.

అత్తయ్యకి మాత్రం కొంగ వారమే నచ్చింది. పొడుగు మనిషి, నిదానస్తురాలు, ఎదుటివాళ్ళు మీదకి వచ్చేదాకా కదలదు. ఆ వారమంతా నేను ఎదురు సమాధానం చెప్పలేదట.

మార్చి 6

ఇరవై ఎనిమిదిన ట్రయల్ అని సార్ చెప్పారు. నలభై తొమ్మిది కిలోల లోపు విభాగంలో పోటీకి ఒక్కరే వెళ్తారు. క్యాంపులో ఆ బరువులో ఉన్నది చిట్టి, నేను. కాబట్టి ట్రయల్ చిట్టికీ నాకూ.

"ఊరికే ఫార్మాలిటీ అమ్మా. కంగారుపడకు" అన్నారు.

నేను కంగారుపడలేదు. మూడేళ్ళ క్రితం ఇదే గుమ్మంలో నిలబడి, "ఈ ఒక్క ఏడాదీ దానికి సాయం చెయ్యి, వచ్చే ఏడాది నీ వంతు" అన్నది కూడా సారే. ఆ మాట గుర్తుచేద్దామనుకున్నాను. ఆయన విజిల్ వెతుక్కుంటున్నారు. వెతికిపెట్టి వచ్చేశాను.

ముప్పై నిండితే ఇక్కడ ట్రయల్‌కి పిలవరు. నాకు ఆగస్టులో నిండుతాయి.

మార్చి 7

ట్రయల్ గురించి నేనేమీ ఆలోచించడం లేదు.

మార్చి 11

ట్రయల్‌కి నాక్కూడా కొంచెం ప్రాక్టీసు కావాలని అడిగాను. "నీకెందుకమ్మా, రోజూ దానితోనే ఆడుతున్నావుగా" అన్నారు సార్. నిజమే. కాదనడానికి లేదు. అందుకే ఒళ్ళు మండింది.

ఇవాళంతా ఒకటే పని. టైపిస్టు కుడికాలితో తన్నేటప్పుడు ఎడమ చెయ్యి కిందికి జారవిడుస్తుంది. ఆ ఖాళీలోంచి చిట్టి కాలు తలకి తగలాలి. తలకి తగిలితే మూడు పాయింట్లు. సార్ గట్టు మీద కూర్చుని "మళ్ళీ" అంటారు. నేను వెనక్కి వెళ్ళి నా చోట నిలబడి, కుడికాలు వేసి, ఎడమ చెయ్యి దించుతాను. తలకి ఒకటి తగులుతుంది. "మళ్ళీ." వెళ్ళి నిలబడతాను. తలకి హెడ్‌గార్డ్ ఉంటుంది కాబట్టి పెద్ద నొప్పి ఉండదు. మధ్యాహ్నానికి నాకు చిరాకు పడటం కూడా గుర్తులేదు. మళ్ళీ అనగానే కాళ్ళు వాటంతటవే వెనక్కి నడుస్తున్నాయి.

చిట్టి మంచిదే. ప్రతిసారీ "సారీ అక్కా" అంటుంది. అనడం మానెయ్యమన్నాను, లయ తప్పుతోంది.

మార్చి 15

ఆదివారం. మేడ మీదకి వెళ్ళి నా ఆట నేను ప్రాక్టీసు చేద్దామనుకున్నాను.

ముందు కాలు ఎత్తాను. అది టైపిస్టుది. దించేశాను. వెనక కాలితో పక్కనుంచి తన్నాను. ఆ ఊపు సణుగుడుది, గొణుక్కుంటూనే తన్నాను కూడా. సరే, ఏమీ చెయ్యకుండా నిలబడి చూద్దామనుకున్నాను. నిలబడితే కొంగ. తల ప్రాణం తోకకొచ్చింది. ఆరేసిన దుప్పట్ల మధ్య కూర్చున్నాను. ఇంతకుముందు నేను ఎలా ఆడేదాన్ని? ఒక్క వీడియో లేదు. అప్పట్లో మమ్మల్ని ఎవరు తీశారు గనక.

ఆయన బట్టలు తియ్యడానికి పైకొచ్చారు. అడిగాను, పెళ్ళికి ముందు నా బౌట్ ఒకటి చూశారు కదా, ఎలా ఆడాను అని.

"తరిమావు" అన్నారు.

"అంటే?"

"ఎదుటి పిల్లని తరిమావు. మ్యాట్ అయిపోయినా ఆగలేదు. జడ్జీల టేబుల్ దాకా తరిమితే రిఫరీ వచ్చి నడుం పట్టుకుని లాగాడు."

"అది చూసే చేసుకున్నారా?"

"వద్దంటే ఏం చేస్తావోనని ఒప్పుకున్నాను."

దుప్పటికి రెండో కొస నేను పట్టుకున్నాను. మడత పెట్టి కిందికి దిగాం.

మార్చి 16

తరమడం అనేది ఒక ఆట కాదు. చిన్నతనం.

మార్చి 27

బరువు చూశారు. ఇద్దరికీ సరిపోయింది. చిట్టి భయంగా ఉందంది. నాకేమీ లేదన్నాను. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేశాను.

మార్చి 28

ఓడిపోయాను. నిజానికి ఇచ్చేశాను. చిన్నపిల్ల, ముందు బోలెడు భవిష్యత్తు ఉంది. చివరి క్షణంలో మనసు ఒప్పలేదు. అంతే.

మార్చి 30

సార్ క్యాంటీన్‌లో అందరినీ లేపి నాకు చప్పట్లు కొట్టించారు. "గెలిచే బౌట్‌ని జట్టు కోసం వదులుకుంది. ఇలాంటి మనసు ఎవరికుంటుంది?" అన్నారు. వంటవాడు కూడా గరిటె పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. నేను తల వంచుకున్నాను. వంచుకుంటే ఇంకా గట్టిగా కొట్టారు.

మార్చి 31

అత్తయ్య పక్కింటావిడకి చెప్పింది. ఈసారి యాపిల్స్ వచ్చాయి.

ఏప్రిల్ 3

ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా దీనికి కూడా అబద్ధం చెప్పాను. సిగ్గుగా ఉంది. జరిగింది రాస్తాను.

సార్ చిట్టి వైపు కుర్చీలో కూర్చున్నారు. నా వైపు దెబ్బలకి పట్టీలు వేసే ఫిజియోని కూర్చోబెట్టారు. ఆవిడ ఫోన్ చూసుకుంటూ "బాగా ఆడు" అంది.

మొదటి రౌండ్ పోయింది. నేను టైపిస్టులా మొదలుపెట్టాను, చిట్టి పట్టేసింది. కొంగలా నిలబడ్డాను, అదీ పట్టేసింది. పట్టదా మరి, మూడేళ్ళుగా నేర్పిందే నేను. నా సంచీలో ఉన్నవన్నీ దానికి కంఠతా వచ్చు.

రెండో రౌండ్‌కి సంచీ ఖాళీ. ఎవరిలా ఆడాలో తోచలేదు. అప్పుడు చిట్టి నవ్వింది. ఎగతాళి కాదు, పాపం ఊపిరి పీల్చుకోవడానికి నోరు తెరిచిందంతే. నాకు నవ్వినట్టే కనిపించింది. తరిమాను. అది ఎక్కడికి జరిగితే అక్కడికి వెళ్ళాను, ఒక తన్ను దిగకముందే రెండోది వేశాను. కడుపు మీద, పక్కన, తల మీద, తిరిగి మళ్ళీ కడుపు మీద. దానికి ఎదురు ఏం చెయ్యాలో తెలియలేదు, ఈ మనిషిని ఎప్పుడూ చూడలేదు కదా. పన్నెండు పాయింట్ల తేడా వచ్చిందని టైము మిగిలుండగానే రౌండ్ ఆపేశారు. ఫిజియో ఫోన్ పక్కన పెట్టింది.

ఎంత హాయిగా ఉందో ఎలా రాయాలో తెలియడం లేదు. నా కాళ్ళు నావి అనిపించింది. పెళ్ళిలో కూడా నేను అంత సంతోషంగా లేను. ఇది ఆయన చదవకూడదు.

చెరో రౌండ్ అయింది, పాయింట్లు మళ్ళీ సున్నా నుంచి, మూడోది గెలిచినవాళ్ళదే బౌట్. మూడో రౌండ్ హోరాహోరీ. చివర్లో నేను రెండు పాయింట్లు ముందున్నాను. పది సెకన్లు మిగిలాయి. దూరంగా జరిగి ఊరికే గెంతుతూ ఉన్నా గెలిచేదాన్ని. అప్పుడు సార్ కుర్చీలోంచి "మళ్ళీ" అని అరిచారు. చిట్టిని అన్నారు, అంతకుముందు వేసిన తన్ను మళ్ళీ వెయ్యమని.

నేను వెళ్ళి నా చోట నిలబడ్డాను. కుడికాలు వేశాను. ఎడమ చెయ్యి దించాను.

తలకి తగిలింది. మూడు పాయింట్లు. ఒక్క పాయింటుతో పోయింది. అలవాటుగా "సారీ అక్కా" అంది చిట్టి.

నేను ఏమీ ఇవ్వలేదు. త్యాగమూ లేదు, గాడిద గుడ్డూ లేదు. కట్టేసిన గొడ్డు మేత టైముకి లేచినట్టు లేచాను. సార్ కళ్ళలో నీళ్ళు తిప్పుకుంటూ వచ్చి భుజం తట్టారు. "నాకు తెలుసమ్మా నువ్వేం చేశావో" అన్నారు. కాదని చెప్పాలి. చెప్పలేదు. అంతమందిలో దద్దమ్మలా కనిపించేకంటే దేవతలా కనిపించడం సుఖంగా ఉంది. ఆరు రోజులు ఆ సుఖం అనుభవించాను. ఇక చాలు.

ఏప్రిల్ 4

ఆయనకి చెప్పాను. కళ్ళజోళ్ళ షాపులో పని ముగించుకుని అప్పుడే వచ్చారు. చెప్పులు కూడా విప్పలేదు, గుమ్మంలోనే నిలబెట్టి చెప్పేశాను.

"అనుకున్నాను" అన్నారు.

"ఎలా?"

"ఇన్నేళ్ళ కాపురంలో టీవీ రిమోట్ ఒక్కసారి ఇచ్చావా?"

నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. అత్తయ్య వెనకాలే వచ్చి పొయ్యి కట్టేసి, ఏమీ అడగకుండా కూరగాయలు తరుగుతూ కూర్చుంది. కాసేపటికి "యాపిల్స్ మాత్రం తిరిగి ఇవ్వక్కర్లేదు, అయిపోయాయి" అంది.

ఏప్రిల్ 6

చిట్టి ఇంటికొచ్చింది. ఎప్పుడూ రాలేదు. కుర్చీ అంచున కూర్చుంది.

"అక్కా, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నాకు దానం చేశావా?"

"లేదు."

"నేనూ అదే అనుకున్నాను. రెండో రౌండ్‌లో నన్ను అలా తరిమినదానివి, మూడో రౌండ్‌లో ఎందుకిస్తావు? కానీ అందరూ అదే అంటున్నారు. నా గెలుపు నాది కాదన్నట్టు చూస్తున్నారు."

ఈ సంగతి నాకు తట్టనే లేదు. నా చప్పట్లు దాని పొట్ట కొడుతున్నాయని. జరిగింది చెప్పాను. "మళ్ళీ" అన్న మాటకి వెళ్ళి నిలబడ్డానని. అది నవ్వలేదు.

"అయితే నేను గెలిచినట్టేనా?" అంది.

"తల దొరికింది, తన్నావు. అది గెలుపే."

"రెండో రౌండ్ అమ్మాయి ఉంటే గెలవను అక్కా. రేపట్నుంచి ఆ అమ్మాయిని తీసుకురా. ఆమె మీద గెలవడం నేర్చుకోవాలి."

ఎదురుగా నన్ను పెట్టుకుని నా గురించి ఎవరో మూడో మనిషిలా మాట్లాడుతోంది. కోపం రాలేదు. నేనూ అలాగే అనుకుంటున్నాను మరి. వెళ్తూ వెళ్తూ తన ఫోన్లో ఉన్న ట్రయల్ వీడియో పంపింది.

ఏప్రిల్ 8

సార్‌కి ఇద్దరం కలిసి చెప్పాం. త్యాగం కాదు, పొరపాటు అని. ఆయన ముఖం చూడలేకపోయాను. ఆయనకి త్యాగం బాగా నచ్చింది, వదులుకోవడానికి కష్టపడ్డారు. "సరేలే, ఆ మాట బయట అనకండి" అన్నారు. చిట్టి ఒప్పుకోలేదు, క్యాంటీన్‌లో చెప్పాల్సిందేనంది. చెప్పించింది కూడా. వంటవాడు నాకేసి ఎలా చూశాడో రాయను.

తర్వాత చిట్టి రెండో రౌండ్ ఆట సంగతి ఎత్తింది. అలా ఆడే మనిషితో ప్రాక్టీసు కావాలంది.

"అలా ఆడేవాళ్ళు ఈ పోటీలో ఎవరూ లేరమ్మా" అన్నారు సార్. "లేని మనిషి కోసం టైము దండగ. సోమవారం నుంచి ఎప్పటిలాగే, టైపిస్టు." నా వైపు తిరిగి "ఏమ్మా?" అన్నారు.

ఆయనలో కుళ్ళు లేదు. ఉన్న మాటే అన్నారు. ఆ పోటీలో నేను లేను.

"నేను రాను సార్" అన్నాను.

"సోమవారమా?"

"సోమవారం కూడా."

అర్థమయ్యేదాకా నిలబడ్డాను. చిట్టికి ఇంకో మనిషిని చూస్తారు. చిట్టి బయటిదాకా వచ్చింది. "పోటీ అయిపోయాక మీ మేడ మీదకి వస్తాను, అప్పుడు తరుము" అంది.

ఏప్రిల్ 9

అత్తయ్య అడిగింది, ఇక జీతం రాదా అని. రాదన్నాను. తన్నులు కూడా ఉండవా అంది. అవి ఉంటాయన్నాను. మే నెలలో ఓపెన్ టోర్నమెంట్ ఉంది, వయసు అడగరు, ఎవరైనా వెళ్ళొచ్చు, అందులో ఆడతానని చెప్పాను. "అంటే ఇప్పుడు సొంత వ్యాపారం" అంది.

ఏప్రిల్ 20

చిట్టి పంపిన వీడియో రోజూ చూస్తున్నాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. వీడియోలో ఉన్న మనిషిని చూసి ఆ మనిషిలా తయారవడం. రెండో రౌండ్‌లో ఆ ఆడమనిషి ఎడమ మడమ లోపలికి తిప్పి అడుగేస్తుంది. తన్నే ముందు పెదవి కొరుకుతుంది. బీరువా అద్దం ముందు నిలబడి మడమ తిప్పాను. కుదరలేదు. సణుగుడు మూడు రోజుల్లో వచ్చింది, నేను మాత్రం రావడం లేదు.

మే 4

ఇవాళ వచ్చింది. ఆయన్ని మేడ మీద నీళ్ళ ట్యాంకు దాకా తరిమాను. సాయంత్రం నడుం పట్టుకుని తిరుగుతున్నారు.

"ఈ వారం ఎవరు?" అని అడగలేదు.

మే 16

టోర్నమెంట్ మొదటి రోజు. ఒక పాత హాలు, పైన రేకులు, వాష్‌రూమ్ తలుపుకి గడియ లేదు. నా వైపు కుర్చీలో కోచ్ అని చెప్పి ఆయన కూర్చున్నారు. రూల్సు ఒక్కటీ తెలియదు. రౌండ్ రౌండ్‌కీ మంచినీళ్ళు ఇచ్చి, నా కళ్ళలోకి చూసి "కానీ" అన్నారు.

రెండు బౌట్లు గెలిచాను. రెండూ తరిమే. ఒకమ్మాయి కిందపడి లేచి, నాకు దణ్ణం పెట్టి నవ్వింది.

రెండో బౌట్ అయ్యాక నీళ్ళు తాగుతూ పైకి చూస్తే, మెట్ల మీద ఒకమ్మాయి ఫోన్ నా వైపు పెట్టుకుని కూర్చుంది. ఇరవై ఉంటాయేమో. ఎవరో తెలిసినావిడని తీస్తోందనుకున్నాను. తర్వాత దాని కాళ్ళు చూశాను. కూర్చున్న చోటే ఎడమ మడమ లోపలికి తిప్పుతోంది. పెదవి కొరుక్కుంటోంది.

నన్ను నేర్చుకుంటోంది.

ఆయనకి చూపించాను. "పోలీసులకి చెప్దామా?" అన్నారు.

మే 17

సెమీస్‌లో ఓడిపోయాను. ఎదుటావిడ బలమైన మనిషే, కానీ నేను ఓడింది దానికి కాదు. నేను తరమబోయే ముందే పక్కకి తప్పుకుంది. మడమ తిప్పగానే కాలు ఎత్తింది. రాత్రికి రాత్రే ఆ మెట్ల మీద అమ్మాయి నేనైపోయి, ఎదుటావిడ చేతిలో తన్నులు తిని, మొత్తం అప్పజెప్పింది. పని ఎంత శుభ్రంగా చేసిందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఓడి ఇంత సంతోషపడటం ఎప్పుడూ లేదు. ఎవరో ఒక మనిషి ఒక సాయంత్రం అంతా నేనుగా బతికింది. నా ఆట ఉందన్నమాట. ఉంది కాబట్టే కదా నేర్చుకున్నారు.

వెళ్ళేముందు ఆ అమ్మాయిని వెతికాను. హాలు బయట గోడ పక్కన నిలబడి ఉంది. భుజానికి రెండు సంచులు, చేతిలో ఇంకొకటి, ఏదీ తనది కాదు. గెలిచినావిడ లోపల ఫొటోలు దిగుతోంది. ఈ అమ్మాయి చెంప మీద వాపు కనిపిస్తోంది. నన్ను చూసి బెదిరింది.

"తిట్టడానికి రాలేదు. బాగా నేర్చుకున్నావు" అన్నాను. "మడమ ఒక్కటే కాస్త ఎక్కువ తిప్పుతున్నావు."

"అవునాండీ. మా సార్ కూడా అన్నారు."

"ఇప్పుడు నీ ఆట చూపించు. ఇక్కడే, రెండు తన్నులు చాలు."

అది ఖాళీగా చూసింది. అడిగింది అర్థం కానట్టు కాదు. పని చెప్తే చెయ్యడానికి సిద్ధంగానే ఉంది.

"ఎవరిలా అండీ?" అంది.

ముందు ఆ సంచులు కింద పెట్టమన్నాను.